పెరట్లో కాసిన గెల నుంచి పామాయిల్: ఇంట్లో తీయగలమా, ఎంత వస్తుంది, ఎక్కడ చెడుతుంది

వంటనూనె ధర ఊగిసలాడినప్పుడల్లా పామాయిల్ మాట వార్తల్లోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది కాబట్టి ఈ మార్పుల ప్రభావం నేరుగా కిరాణా కొట్లో కనబడుతుంది. ఇంకోపక్క 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో మొదలైన జాతీయ ఆయిల్ పామ్ మిషన్ కింద కొత్త తోటలు పడుతున్నాయి. బొబ్బిలి, పార్వతీపురం వైపు వెళ్తే వరి మడుల మధ్య ఆ ముళ్ళ మట్టల చెట్లు కనిపిస్తాయి. తోటలో నాటగా మిగిలిన మొక్క ఒకటో రెండో నూతి దగ్గరో, స్నానాల నీళ్ళు పారేచోటో పెట్టుకున్న ఇళ్ళూ ఉంటాయి.

అలా పెట్టిన చెట్టు నాలుగో ఏట గెలలు వేస్తుంది. పదిహేను కిలోల గెల నేల మీద పడి ఉంటే అడగాల్సిన ప్రశ్నే అందరూ అడుగుతారు: కొబ్బరి నూనె ఇంట్లో కాచుకుంటాం కదా, ఇదెందుకు కాచుకోకూడదు? కాచుకోవచ్చు. పశ్చిమ ఆఫ్రికా ఈ చెట్టుకు పుట్టిల్లు. అక్కడి గ్రామాల్లో తరతరాలుగా ఇళ్ళలోనే తీస్తున్నారు. అయితే కొబ్బరికి లేని రెండు చిక్కులు దీనికి ఉన్నాయి. ఒకటి కాలం, రెండోది ఒత్తిడి. ఈ రెండూ అర్థమైతే ఇంట్లో తీసిన నూనె ఎందుకు బాగుంటుందో, ఎందుకు పాడవుతుందో తేలిపోతుంది.

ఒకే కాయలో రెండు నూనెలు

ఇక్కడ చెబుతున్నది ఆయిల్ పామ్ చెట్టు గురించి. తాటి, ఈత, జీలుగు దీనికి దగ్గరి చుట్టాలే గానీ వాటి పండ్ల గుజ్జులో ఇలా నూనె ఉండదు. ఆయిల్ పామ్ పండు రేగుపండు కంటే కాస్త పెద్దది. పైన పల్చటి తోలు, దాని కింద నారింజ రంగు పీచు గుజ్జు, ఆ లోపల గట్టి పెంకు, పెంకులో తెల్లటి పలుకు. గుజ్జు నుంచి వచ్చేది ఎర్రటి ముడి పామాయిల్. పలుకు నుంచి వచ్చేది పామ్ కెర్నల్ ఆయిల్. అది తెల్లగా, గుణంలో కొబ్బరి నూనెకు దగ్గరగా ఉంటుంది. కొట్లో పసుపుపచ్చగా, పల్చగా దొరికే పామోలిన్ ఈ రెండూ కాదు. ముడి నూనెను శుద్ధి చేసి, రంగూ వాసనా తీసేసి, గడ్డకట్టే భాగాన్ని వేరుచేయగా మిగిలిన ద్రవమే పామోలిన్.

కాబట్టి ఇంట్లో ఎంత జాగ్రత్తగా కాచినా ప్యాకెట్ నూనెలాంటిది రాదు. వచ్చేది ఎర్రగా, క్యారెట్‌నూ గడ్డినీ గుర్తుచేసే వాసనతో, చలికాలం రాత్రి పూసకట్టే నూనె. పామాయిల్ సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే డిసెంబరులో సీసాలో సగం గడ్డ, సగం ద్రవం కనిపిస్తే కల్తీ జరిగిందనో పాడైపోయిందనో అనుకోనక్కర్లేదు.

చెట్టు ఏ రకమో ముందు తెలుసుకోవాలి

పెరటి చెట్ల విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఇది. తోటల్లో నాటేది టెనెరా అనే సంకర రకం. మందపాటి పెంకు ఉండే డ్యూరాను తల్లిగా, పెంకే లేని పిసిఫెరాను తండ్రిగా కలిపి దాన్ని తయారు చేస్తారు. నర్సరీ నుంచి వచ్చిన మొక్క అయితే చింత లేదు. కానీ తోటలో చెట్టు కింద రాలిన గింజ మొలిస్తే తెచ్చి పెట్టుకున్నదైతే లెక్క మారుతుంది. టెనెరా చెట్ల మధ్య పరపరాగ సంపర్కంతో పుట్టిన గింజల్లో సగటున నాలుగింట ఒకటి డ్యూరా, రెండు టెనెరా, ఒకటి పిసిఫెరా అవుతాయి. పిసిఫెరా చెట్లలో ఎక్కువభాగం గెలలు వేస్తాయి గానీ కాయ నిలవదు, గెల చెట్టు మీదే కుళ్ళిపోతుంది. ఎన్ని ఎరువులు వేసినా ఆ చెట్టు తీరు అంతే.

రకం తెలుసుకోవడం తేలిక. పండిన కాయను కత్తితో అడ్డంగా గింజ దాకా కోసి చూడండి. పెంకు పల్చగా ఉండి, దాని చుట్టూ గుజ్జులో నల్లటి పీచు చుక్కల వలయం కనిపిస్తే టెనెరా. పెంకు మందంగా ఉండి వలయం లేకపోతే డ్యూరా. దానిలో గుజ్జు తక్కువ, నూనె తక్కువ. అసలు పెంకే లేకపోతే పిసిఫెరా.

ఒంటరి చెట్టుకు ఇంకో సమస్య ఉంది. ఈ చెట్టు ఒకే మొదలు మీద కొన్నాళ్ళు మగ పూలు, కొన్నాళ్ళు ఆడ పూలు వేస్తుంది. రెండూ ఒకేసారి రావడం అరుదు. తోటలో పక్క చెట్టు పుప్పొడిని ఒక చిన్న ముక్కుపురుగు మోసుకొస్తుంది. ఈ పని కోసమే దాన్ని 1980ల్లో మన దేశానికి తెచ్చి వదిలారు. మగ పూల మీద బతికే ఆ పురుగు, చుట్టుపక్కల తోట లేని ఊళ్ళో ఒక్క చెట్టు కోసం ఉండదు. ఫలితంగా గెల పెద్దగా కనిపించినా లోపల తాలు కాయలే ఎక్కువ. ఉపాయం లేకపోలేదు. ఎక్కడైనా తోటలో విచ్చుకున్న మగ పూగుత్తిని సంచిలో దులిపి పుప్పొడి తెచ్చుకోవాలి, అంతకు పదింతలు వాసన లేని టాల్కం పొడి కలపాలి, ఆడ పూగుత్తి కీలాగ్రాలు (పుప్పొడిని పట్టే కొనలు) తెల్లగా విచ్చుకుని సోంపు వాసన వేసే రెండు మూడు రోజుల్లో చల్లాలి. అక్కడి నుంచి గెల పండటానికి అయిదారు నెలలు.

ఎప్పుడు కోయాలి

నూనె గుజ్జులోకి చేరేది ఆఖరి కొద్ది వారాల్లోనే. రంగు తిరగగానే కోసేస్తే నీళ్ళ గుజ్జే మిగులుతుంది. మామూలు రకంలో కాయ నల్లటి ఊదా నుంచి నారింజ ఎరుపుకు మారుతుంది. ఆ రంగొక్కటే చాలదు. గెల నుంచి అయిదు నుంచి పది కాయలు వాటంతటవే రాలి చెట్టు మొదట్లో పడి ఉండాలి, గోటితో గిచ్చితే నారింజ రంగు జిడ్డు అంటాలి. అంతకు మించి ఆగితే నూనె పెరగదు. కాయలు రాలి నేల మీద నలిగి, ఆమ్లం పెరుగుతుంది.

చిన్న చెట్టుకు పొడవాటి పిడి ఉన్న ఉలితో కాడ నరుకుతారు, ఎత్తు పెరిగాక గడకు కట్టిన కొడవలితో. గెల పడేచోట గడ్డి పరచడం చాదస్తం కాదు. ఎందుకో ఇప్పుడు చెప్పుకుందాం.

అసలు శత్రువు: కాయలోనే ఉన్న ఎంజైమ్

గుజ్జులో నూనెతో పాటు లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. కాయ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు అవి వేర్వేరు గదుల్లో ఉంటాయి. కాయ నలిగిన చోట రెండూ కలుస్తాయి. వెంటనే లైపేజ్ నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. నూనె ఘాటుగా, గొంతు పట్టేలా తయారవడానికి, త్వరగా పొగ రావడానికి, నిలవ ఉండకపోవడానికి కారణం ఇదే. వ్యాపారంలో ముడి పామాయిల్‌కు ఈ ఆమ్లాల పరిమితి మామూలుగా 5 శాతం. జాగ్రత్తగా కోసిన తాజా కాయలో అది ఒక శాతం లోపే ఉంటుంది. దెబ్బలు తిన్న గెలను రెండు మూడు రోజులు ఉంచితే ఆ హద్దు దాటడం చాలా మామూలు.

వేడి తగిలితే లైపేజ్ పని ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో గెలను దించగానే దాదాపు 140 డిగ్రీల ఆవిరిలో గంట పైగా ఉంచేది కాయ మెత్తబడటానికి మాత్రమే కాదు, ఈ ఎంజైమ్‌ను చంపడానికి కూడా. ఇంట్లో చేసేవారికి సూత్రం అదే: కోసిన రోజే ఉడకబెట్టాలి, ఉడికించకుండా దంచకూడదు. కాయలు తేలిగ్గా ఊడతాయని గెలను గోనె కప్పి రెండు మూడు రోజులు మగ్గబెట్టే పద్ధతి ఆఫ్రికాలో ఉంది. కాయలు నిజంగానే ఊడతాయి, కానీ ఆ సౌకర్యానికి మూల్యం ఆమ్లం. దానికి బదులు గెలను గొడ్డలితో నాలుగు చెక్కలు చేసి, కాయలున్న చిన్న కొమ్మలను కాడ నుంచి నరికి, వాటినే నీళ్ళలో వేసి ఉడికిస్తే తర్వాత కాయలు చేత్తోనే వచ్చేస్తాయి. ఆ కొమ్మల చివర ముళ్ళు గట్టివి. గుచ్చుకుంటే చీము పడుతుంది. మందపాటి చేతి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

ఉడకబెట్టడం నుంచి సీసా దాకా

పన్నెండు కిలోల కాయలను పెద్ద డేగిసాలో మునిగేలా నీళ్ళు పోసి, తెర్లు వచ్చాక గంట నుంచి గంటన్నర ఉడకనివ్వాలి. రెండు వేళ్ళ మధ్య నొక్కితే గుజ్జు గింజను వదిలి జారిపోవాలి, అదే కొలత. తక్కువ మొత్తమైతే ప్రెషర్ కుక్కర్ ఇంకా మంచిది. సగానికి మించి నింపకుండా, ఆవిరి పట్టాక ముప్పై నలభై నిమిషాలు చాలు. 120 డిగ్రీల వేడిలో పీచు బాగా వదులవుతుంది.

గిన్నె విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో ఇంత పెద్ద పాత్ర అంటే చాలాసార్లు ఇత్తడి గంగాళమే. కళాయి పోయిన ఇత్తడి వద్దు. రాగి కొద్దిగా కరిగినా నూనె గాలికి చెడిపోయే వేగం బాగా పెరుగుతుంది. ఇనుముతోనూ అదే ఇబ్బంది, కాస్త తక్కువగా. స్టీలు పాత్ర అన్నిటికన్నా నయం.

ఉడికిన కాయలను నీళ్ళు వంచేసి వేడిగా ఉన్నప్పుడే రోట్లో వేసి దంచాలి. చల్లారితే నూనె చిక్కబడి పీచునే పట్టుకుని ఉంటుంది. ఇంట్లో నూనె తక్కువ రావడానికి మొదటి కారణం అదే. రోకలి దెబ్బ గింజను పగలగొట్టకూడదు. చెక్క రోకలితో పక్కలకు తోసినట్టు దంచితే గుజ్జు ముద్దవుతుంది, గింజలు విడిగా బయటపడతాయి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో ఒక రోలెడు అవుతుంది. గింజలు ఏరి పక్కన పెట్టుకోవాలి.

ఇక ముద్ద నుంచి నూనె బయటికి రావాలి. దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది నీళ్ళ పద్ధతి. ముద్దకు రెండు మూడింతలు వేడినీళ్ళు పోసి, చేయి పట్టేంత వేడి ఉండగా పిసికి, పీచును పిండి తీసేయాలి. చింతపండు పులుసు పిసికినట్టే. పైన ఎర్రటి నురగ తేలుతుంది. ఆ పీచును మళ్ళీ వేడినీళ్ళలో ఇంకోసారి పిసకాలి. సామాన్లేవీ అక్కర్లేదు గానీ పీచులో సగానికి సగం నూనె మిగిలిపోతుంది.

రెండోది ఒత్తిడి. ఆరేడు అంగుళాల వెడల్పున్న మందపాటి స్టీలు గొట్టానికి చుట్టూ సన్నటి బెజ్జాలు వేయించి, గట్టి ఇనుప చట్రంలో నిలబెట్టి, పైన లారీ హైడ్రాలిక్ జాకీతో నొక్కుతారు. వెల్డింగ్ షాపులో చేయించుకోగలిగినదే. వేడి ముద్దను గుడ్డలో కట్టి పెట్టి మెల్లగా నొక్కాలి. ఒక్కసారిగా నొక్కితే బెజ్జాల్లోంచి గుజ్జే పిచికారీ కొడుతుంది. జాకీ జారితే ప్రమాదం కాబట్టి చట్రం బలహీనంగా ఉంటే ఈ పనికి దిగకపోవడమే మేలు.

ఊళ్ళో నువ్వుల గానుగో, వేరుశనగ ఆడించే మిల్లో ఉంది కదా, అక్కడ ఇస్తే పోలేదా అని చాలామంది అనుకుంటారు. అవి పొడి గింజల కోసం కట్టినవి. ఈ గుజ్జులో మూడో వంతుకు పైగా నీళ్ళే. గానుగలో వేస్తే ముద్ద జారుతుందే తప్ప ఒత్తిడి పుట్టదు. మిల్లులోని ఎక్స్‌పెల్లర్ యంత్రంలో వేస్తే గింజలు పగిలి పెంకు, పలుకు నూనె అన్నీ కలిసిపోతాయి.

ఏ దారిలో వచ్చినా చేతికందేది నూనె, నీళ్ళు, సన్నటి పీచు కలిసిన చిక్కటి ద్రవం. ఒత్తిడి పద్ధతిలో దీనికి కూడా వేడినీళ్ళు ధారాళంగా కలపాలి. చిక్కగా ఉంటే నూనె చుక్కలు పైకి రాలేవు. జల్లెడ పట్టి, సన్న మంట మీద గంటసేపు కాగనివ్వాలి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. మంట పెంచి, గరిటెతో గిలక్కొడితే నూనె నీళ్ళలో చితికిపోయి మజ్జిగలా తయారవుతుంది, ఎంతకీ విడిపోదు. కదపకుండా వదిలేస్తే మూడు పొరలు కడుతుంది: పైన ఎర్ర నూనె, మధ్యలో బురద రంగు నీళ్ళు, అడుగున మడ్డి. పై నూనెను గరిటెతో వేరే పాత్రలోకి తీసుకోవాలి. మధ్య పొర అంచుల్లో మిగిలిన నూనె కోసం ఆశపడితే నీళ్ళూ వచ్చేస్తాయి. ఆ కాస్త వేరే గిన్నెలో తీసి మళ్ళీ ఒకసారి కాచడం మంచిది.

చివరిది ఆరబెట్టడం. తీసిన నూనెలో ఇంకా తేమ ఉంటుంది. సగానికి మించి నింపని గిన్నెలో సన్న మంట మీద కాచాలి. మొదట నురగ పొంగుతుంది, తర్వాత చిటపటలు, ఆపైన నిశ్శబ్దం. చప్పుడు పూర్తిగా ఆగిన తర్వాత రెండు మూడు నిమిషాలకు దించేయాలి. నమ్మకం కుదరకపోతే దూది వత్తిని ఆ నూనెలో ముంచి వెలిగించండి. చిటచిటలాడితే తడి ఇంకా ఉంది. ఎక్కువసేపు కాచితే రంగు తగ్గి, ఎర్ర నూనెకు రంగూ విలువా తెచ్చే కెరోటిన్లే మాడిపోతాయి. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, పూర్తిగా ఆరిన సీసాల్లో మూతి దాకా నింపి, వెలుతురు తగలని చోట పెట్టాలి. వానాకాలంలో గెలలు ఎక్కువగా వస్తాయి, గాల్లో చెమ్మ కూడా అప్పుడే ఎక్కువ. తడి సీసా ఒక్కటి చాలు మొత్తం పాడవడానికి.

ఒక గెల లెక్క

ఇరవై కిలోల టెనెరా గెలను తీసుకుందాం. అందులో కాయలు అరవై రెండు శాతం చొప్పున 12.4 కిలోలు. కాయలో గుజ్జు ఎనభై శాతం, అంటే దాదాపు 10 కిలోలు. బాగా పండిన గుజ్జులో నూనె 45 శాతం, అంటే నాలుగున్నర కిలోలు. ఫ్యాక్టరీలు గెల బరువులో సుమారు 18 నుంచి 20 శాతం రాబడతాయి. ఈ గెలకు 3.6 నుంచి 4 కిలోలు. జాకీతో నొక్కితే మూడు కిలోల దాకా రావచ్చు. చేత్తో పిసికితే రెండు కిలోలు వస్తే బాగా చేసినట్టే.

ఇప్పుడు డబ్బు. గెలల ధర నెలనెలా మారుతుంది. టన్నుకు 18,000 రూపాయలు అనుకుంటే ఈ గెల విలువ 360 రూపాయలు. ఇంట్లో వచ్చిన రెండు కిలోలంటే దాదాపు 2.2 లీటర్లు, ప్యాకెట్ నూనె లీటరు 125 అనుకుంటే 275 రూపాయలు. దాని మీద నాలుగు గంటల పొయ్యి కట్టెలు, ఇద్దరి అర పూట కష్టం. తోట ఉన్న రైతుకు గెల అమ్ముకోవడమే లాభమని ఈ అంకెలే చెబుతాయి. పైగా 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం కింద మండలాలను ఫ్యాక్టరీ జోన్లుగా కేటాయించారు. తోట గెలలు ఆ జోన్ కంపెనీకి చేరాలన్నది పద్ధతి. నెలకొక గెల కోసే పెరటి చెట్టు సంగతి వేరు. ఒక్క గెలను ఆటోలో వేసుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్తే కిరాయి కూడా రాదు. కోయకపోతే చెట్టు మీద కుళ్ళేదే. ఇంట్లో తీయడానికి అర్థం ఉన్నది అక్కడే.

ఏడాది లెక్క కూడా చూద్దాం. నీళ్ళూ ఎరువూ సరిగా అందిన చెట్టు ఏడాదికి 150 కిలోల గెలలు ఇస్తుందనుకుందాం. ఎకరానికి 57 చెట్ల చొప్పున ఎనిమిదిన్నర టన్నులన్నమాట. చేతి పద్ధతిలో పదోవంతు నూనె వస్తే 15 కిలోలు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 25 గ్రాముల చొప్పున ఏడాదికి 36 కిలోలు కావాలి. ఒక్క చెట్టు అందులో నలభై శాతం తీర్చగలదు. తీర్చాలా అన్నది తర్వాతి ప్రశ్న.

ఆరోగ్యం మీద రెండు వాదనలు

ఎర్ర పామాయిల్‌ను మెచ్చుకునేవారు చూపించేది దాని రంగు. కిలో ముడి నూనెలో 500 నుంచి 700 మిల్లీగ్రాముల కెరోటిన్లు ఉంటాయి. ఒక చెంచాలో రెండు మూడు మిల్లీగ్రాములు. శరీరం వీటి నుంచి విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో 1990ల్లో, విటమిన్ ఎ లోపానికి ఈ నూనె ఎంతవరకు పనికొస్తుందన్న దానిపై పరిశోధనలు జరిగాయి. ఫ్యాక్టరీ శుద్ధిలో ఈ కెరోటిన్లు దాదాపు మొత్తం పోతాయి. శుద్ధిలో 200 డిగ్రీలు దాటిన వేడికి గ్లైసిడిల్ ఎస్టర్ల వంటి అవాంఛిత పదార్థాలు కొంత పుడతాయని 2016లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. ఇంటి నూనెకు ఆ వేడి తగలదు.

అవతలి వాదన కూడా అంతే బలమైనది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, అందులోనూ ఎక్కువ పామిటిక్ ఆమ్లం. ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. నువ్వుల నూనెలో సంతృప్త కొవ్వు పదిహేను శాతం దగ్గర, వేరుశనగలో ఇరవై లోపు. ఎర్రగా ఉన్నంత మాత్రాన ఆ సగం మారదు. రంగు కోసం గుమ్మడి, క్యారెట్, మునగాకు తిన్నా కెరోటిన్లు వస్తాయి.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచేది ఇది: ఇంటి నూనెను మొత్తం వంటకు మార్చుకోవడం కంటే, నువ్వుల నూనె వాడే ఇంట్లో వారానికి రెండు మూడు వంటలకు వాడుకోవడం సబబు. చేపల పులుసు, గుమ్మడికాయ కూర, పప్పు తాలింపు వంటి వాటిలో రంగూ రుచీ కలిసిపోతాయి. బూరెలు, పకోడీలు వేయించడానికి ఇది పనికిరాదు. శుద్ధి కాని నూనె కాబట్టి త్వరగా పొగ వస్తుంది, నురగ పొంగుతుంది. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

నూనె బాగుందో లేదో కొలవడం

నాలుక చెప్పేది కొంతవరకే. అంకె కావాలంటే దగ్గరి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేయగలిగిన పరీక్ష ఉంది. అయిదు గ్రాముల నూనెను వేడి ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని లేత గులాబీ రంగు నిలిచేదాకా వదులుతారు. పట్టిన మిల్లీలీటర్లను నార్మాలిటీతోనూ (ద్రావణం గాఢత, ఇక్కడ 0.1) 25.6తోనూ గుణించి, నూనె బరువుతో భాగిస్తే స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాల శాతం వస్తుంది. 8 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి: 8 × 0.1 × 25.6 ÷ 5 = 4.1 శాతం. అయిదు లోపే ఉంది, కానీ పక్కన పెట్టి ఆరు నెలలు వాడేంత మంచిది కాదు, త్వరగా వాడేయాలి. రెండు శాతం లోపు వస్తే కోసిన రోజే ఉడికించారని అర్థం. పది దాటితే వంటకు వద్దు, సబ్బుకు పనికొస్తుంది.

అమ్మకం గురించి ఒక మాట. ఇంట్లో వాడుకోవడం వేరు, పక్కింటికి డబ్బుకు ఇవ్వడం వేరు. ఆహార భద్రతా చట్టం కింద నమోదు ఉండాలి, నూనె ప్రమాణాలకు సరిపోవాలి. 2011 నిబంధనల ప్రకారం, రాష్ట్రం మినహాయిస్తే తప్ప, ప్యాకింగూ లేబులూ లేని విడి వంటనూనె అమ్మకూడదు.

నీళ్ళ మాట, మిగిలిన చెత్త మాట

ఈ పంట మీద మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉన్న పెద్ద అభ్యంతరం నీళ్ళే. ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్ల వరకు కావాలి; ఎకరానికి పదకొండు వేల లీటర్లు దాటుతుంది. తోటపల్లి, మడ్డువలస కాలువల కింద ఒక తీరు, బోరు మీద ఆధారపడిన మెట్టలో ఇంకో తీరు. వరితో పోలిస్తే తక్కువే అని ఒకరంటారు, జీడిమామిడితో పోలిస్తే చాలా ఎక్కువ అని ఇంకొకరంటారు. రెండూ నిజమే, ఏ పంటను తీసేసి పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెరట్లో ఒక్క చెట్టుకు ఈ చర్చ వర్తించదు. ఇంటిల్లిపాది స్నానాల నీళ్ళు దాని మొదట్లోకి పారిస్తే చాలావరకు సరిపోతుంది. నీళ్ళు చాలని చెట్టు చచ్చిపోదు గానీ ఆడ పూలు మానేసి మగ పూలే వేస్తుంది. ఆ ప్రభావం గెలల్లో ఏడాది, రెండేళ్ళ తర్వాత కనిపిస్తుంది. ఈ ఏడాది గెలలు ఎందుకు రాలేదో తెలియాలంటే గడిచిన వేసవులను తలచుకోవాలి.

నూనె తీశాక మిగిలే బురద నీళ్ళను నూతి పక్కనో చెరువులోనో పోయకూడదు. అందులో కుళ్ళే పదార్థం చాలా ఎక్కువ. నీటిలోని ప్రాణవాయువును లాగేసి చేపలను చంపుతుంది. పెంటగుంటలో పోస్తే మంచి ఎరువు. కాయలు తీసిన గెల కాడను చెట్టు మొదట్లో కప్పుగా వేస్తే పొటాష్ తిరిగి నేలకు చేరుతుంది. పీచు, పెంకులు బాగా మండుతాయి, తర్వాతి గెల ఉడకడానికి అవే పొయ్యిలోకి. గింజల్లోని పలుకు నుంచి కూడా నూనె తీయవచ్చు. కానీ ఇరవై కిలోల గెలకు పలుకు వచ్చేది కిలో లోపు, ఒక్కో పెంకూ రాయితో కొట్టాలి. ఓపిక ఉంటే ఎండబెట్టి నాలుగైదు గెలలవి పోగయ్యాక కొట్టుకుని, పలుకును మిల్లులో ఆడించుకోవచ్చు. అది పొడి గింజే కాబట్టి మిల్లు దాన్ని తీసుకుంటుంది.